తెల్ల కప్పులో నీళ్ళు

ఎవరింటికి వెళ్ళినా ఆయన మంచినీళ్ళు తెల్ల పింగాణీ కప్పులో ఇమ్మని అడిగేవారు. స్టీలు గ్లాసులో ఇస్తే మర్యాదకు పట్టుకుని కూర్చునేవారే తప్ప తాగేవారు కాదు. కప్పు చేతికొచ్చాక కిటికీ వైపు తిరిగి, వెలుగు నీళ్ళ మీద పడేలా కాస్త వంచి, ఒక కన్ను సగం మూసి చూసేవారు. ఆ తర్వాత తాగేవారు, కొంచెం కొంచెంగా, కాలే కాఫీ తాగుతున్నట్టు.

మా ఇంట్లో ఈ తతంగం మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. నాకు నోరెక్కువని కాలనీలో పేరు. ఆ పేరు నేను కష్టపడి సంపాదించుకున్నదే.

"ఏంది సార్, మా ఇంట్ల నీళ్ళకు పరీక్ష పెడుతున్నరా? అవి క్యాను నీళ్ళు."

"అలవాటు చెల్లెమ్మా, ఏవీ అనుకోమాకండి. మా ఇంట్లో అయినా ఇంతే. చుట్టాలొస్తే మా ఆవిడ నన్ను లోపల గదిలో కూర్చోబెట్టుద్ది."

"తెల్లగనే ఉన్నయి గద. ఇగ తాగుండ్రి."

"తెల్లగా ఉన్నాయని తాగట్లేదమ్మా. పసుపుగా లేవని తాగుతున్నా."

రెండూ ఒకటే కదా అని వాదించాను. ఆయన వాదించలేదు. గుటక మింగి ఊరుకున్నారు. ఏ ప్రశ్న వేసినా, టిఫిన్ తిన్నారా అని అడిగినా, ముందు గుటక మింగి తర్వాత జవాబు చెప్పేవారు. గొంతులో ఎప్పుడూ ఏదో భయం అడ్డం పడి ఉన్నట్టుండేది.

పోయినవారం ఆయన భార్య ఫోన్ చేసింది. ఆవిడ ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో సీనియర్ నర్సు. చావు కబుర్లు చెప్పీ చెప్పీ గొంతు నిలకడగా ఉంచుకోవడం నేర్చుకున్న మనిషి. నిమోనియా అని చెప్పింది.

"పొద్దున రౌండ్స్‌కి డాక్టరొచ్చి ఎలా ఉందంకుల్ అంటే, బాగానే ఉంది, ఇప్పటికి తెలిసినంతలో, అన్నారండీ. మజ్జానానికి అయిపోయింది." చెబుతూ నవ్వింది. ఆ నవ్వు మధ్యలో తెగిపోయింది. తర్వాత అడిగింది. "మీ చివరి గొట్టం తెరిచారా అండీ? మగతలో కూడా అదే అడుగుతా ఉన్నారు. ఎవరో బంధువుల పాపాయి పేరేమో అనుకుంది తెలుగు రాని మా కొత్త సిస్టరు."

తెరవలేదని చెప్పాను.

"ఇప్పటికి తెలిసినంతలో." ఆయన ఊతపదం అది. ఇడ్లీ బాగుందా అంటే బాగుంది, ఇప్పటికి తెలిసినంతలో. అబ్బాయికి ఉద్యోగం వచ్చిందటగా అంటే వచ్చింది, ఇప్పటికి తెలిసినంతలో. ఆయనవాళ్ళు గుంటూరు వైపు క్రైస్తవులు. భోజనం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవారు, అయితే అంతకంటే ముందు కప్పులో నీళ్ళు చూసుకునేవారు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"దేవుని కన్న ముందు పరీక్షనా సార్?"

"పరీక్షకి అందేదానికి పరీక్ష చేసుకోవాల చెల్లెమ్మా. అందనిది ఇంకా చాలా ఉంది, దానికి ఆయన్ని అడుగుతున్నా."

మా కాలనీ ఫరీదాబాద్‌లో, యమున ఒకప్పుడు పారి వదిలేసిన ఇసుక మీద కట్టినది. బోరు వేస్తే నీళ్ళు పైపైనే పడతాయి. అదో అదృష్టమనుకుని ఇళ్ళు కట్టుకున్నాం. కాలనీ వెనక కొళాయిలకూ సైకిలు సామాన్లకూ మెరుపుపూత వేసే చిన్న చిన్న కార్ఖానాలుండేవి. అవి మూతబడ్డాయి. తొట్లు ఎత్తుకుపోయారు. తొట్లలోంచి ఏళ్ళ తరబడి నేలలోకి ఇంకిన క్రోమియాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు. ఒక ఎండాకాలం బకెట్లో నీళ్ళు పలచని పసుపునీళ్ళలా వచ్చాయి. పిల్లలు నింబూపానీ అని నవ్వారు. మేం ట్యాంకులు కడిగించాం. తర్వాత ఎవరో పరీక్షకు పంపారు. అది ఒంట్లోకి పోతే ఏమేం చేస్తుందో విన్నాక పిల్లల్ని కూడా నవ్వనివ్వలేదు. బోర్లన్నీ మూయించారు.

ఆ నీళ్ళకు అడ్డంగా నేలలో గోడ కట్టే పని మీద ఆయన వచ్చారు. పని అయ్యేదాకా మా మేడ మీది గదిలో అద్దెకున్నారు.

గోడ అని పేరే గానీ ఇటుకా లేదు, సిమెంటూ లేదు. కార్ఖానాల స్థలానికీ మా ఇళ్ళకూ మధ్య, నీళ్ళు వచ్చే దారికి అడ్డంగా, కింద బంకమట్టి తగిలేదాకా సన్నని కందకం తవ్వి, అందులో ఇనుప రజను ఇసుకతో కలిపి నింపారు. నీళ్ళు దాంట్లోంచి దూరి ఇవతలికి వస్తాయి. క్రోమియం ఇనుము దగ్గర గట్టిపడి అక్కడే ఉండిపోతుంది. పైన మట్టి కప్పేస్తే మామూలు నేలే. దాని మీద పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు.

ఇసుక నేల కదా, తవ్విన కందకం తవ్వినట్టే కూలిపోతుంది. కూలకుండా అందులో ఏదో చిక్కటి జిగురు పోస్తుంటే అడిగాను.

"ఏంది సార్ ఈ చీమిడి?"

"గోరుచిక్కుడు గింజల జిగురమ్మా. గోడలు పడకుండా పట్టుకుంటది. తర్వాత దానంతటదే విరిగి నీళ్ళయిపోతది."

"గోకరకాయనా?"

"అదేం పేరు చెల్లెమ్మా, వినలేదే."

"మా నల్గొండకు వస్తే వింటరు."

విరిగి నీళ్ళయ్యేటప్పుడు అది వీధంతా కంపు కొట్టింది. ఆయన నా కిరాయిదారు కనుక ఆడవాళ్ళందరూ నన్ను తిట్టారు. ఆ కూర నేను మళ్ళీ వండలేదు.

ఆయన చొక్కా జేబులో దారం కట్టిన అయస్కాంతం ఒకటి ఉండేది. ఇనుప రజను లారీ రాగానే దాన్ని కుప్పలో ముంచి పైకి తీసేవారు. నల్లటి గడ్డం మొలిచినట్టు రజను దాన్ని పట్టుకునేది. కాస్త వేళ్ళ మధ్య నలిపి, నూనె జిడ్డు ఉందేమోనని వాసన చూసేవారు. ఒక లారీని తిప్పి పంపేశారు. ఎవరైనా గోడను పొగిడితే చెయ్యి జేబులోకి వెళ్ళి ఆ అయస్కాంతాన్ని పట్టుకునేది. వాన కురిసే రోజుల్లో మేడ మీద నిలబడి వీధి వైపు చూస్తుండేవారు. ముఖం బూడిదరంగుకు తిరిగేది. కింద నీళ్ళ మట్టం మారితే దారి కూడా మారుతుందట.

"ఇంత భయమైతే ఈ పని ఎందుకు సార్? ఏదన్న బ్యాంకుల చేరకపోయిన్రా?"

గుటక మింగారు. "ఇంతకుముందు ఇంకోచోట ఒక గోడ కట్టామమ్మా. బాగా పనిచేసింది. నీళ్ళే దాని పక్కనించి వెళ్ళాయి."

"ఎవరు తాగిన్రు?"

"అడగమాకండి."

నేను అడగకుండా ఊరుకున్న సందర్భాలు నా జీవితంలో చాలా తక్కువ. అది వాటిలో ఒకటి.

నాకూ నీళ్ళంటే భయం ఉన్నదే. మా మేనత్త నలభై ఏళ్ళకే నడుము వంగి, మనుషుల ముఖాలు చూడాలంటే మెడ పక్కకు తిప్పాల్సివచ్చేది. మా ఊరి ఫ్లోరైడు నీళ్ళు చేసిన పని అది. ఆ బావి నీళ్ళు అద్దంలా ఉండేవి. మా తాత వాటిని చూపించి గొప్పలు చెప్పుకునేవాడు. ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన చేతిలోని కప్పును అటూ ఇటూ తిప్పారు. "పసుపు నీళ్ళు మంచియమ్మా, మొహం మీద చెప్పేస్తాయి," అన్నారు. "క్రోమియం కొంచెమే ఉంటే రంగే తెలవదు. ఆ కొంచెం చాలు మనిషికి. ఈ కప్పు చెడ్డయ్యని చెప్పగలదు. మంచియ్యని చెప్పలేదు."

గోడ పూర్తయిన రోజు కాలనీ కమిటీ అధ్యక్షుడు ప్రధాన్‌జీ టెంటు వేయించి లడ్డూలు పంచాడు. వీధిలో చివరి ఇల్లు అతనిదే. కొబ్బరికాయ కొట్టాక, మూసిన తన బోరును ఎవరికీ చెప్పకుండా తెరిపించి, ఆ నీళ్ళతో గులాబీ షర్బత్ కలిపించాడు. ఎర్రటి షర్బత్‌లో ఏ రంగు కనబడుతుంది? మొదటి గ్లాసు ఇంజనీరు సాహెబ్‌కే అని అందరి ముందూ చేతిలో పెట్టాడు.

"పీజియే సర్. మీ గోడ నీళ్ళే. ఫ్రెష్."

ఆయన గ్లాసు పట్టుకుని నిలబడిపోయారు. గుటక మింగారు. గ్లాసు బల్ల మీద పెట్టేశారు.

"గోడ ఇవాళ కట్టాం సర్," హిందీలో, తప్పుల హిందీలో అన్నారు. "ఈ నీళ్ళు గోడ కంటే ముందే ఇటు వచ్చేశాయి. ఇవన్నీ వెళ్ళిపోవడానికి ఏళ్ళు పడుతుంది. ఎవరూ తాగకండి. ప్లీజ్."

"వాహ్. తను చుట్టిన జిలేబీ తనే తినని హల్వాయిని ఇవాళే చూశాను," అన్నాడు ప్రధాన్‌జీ. జనం గొల్లున నవ్వారు. అప్పటికే కొందరు సగం గ్లాసు తాగేశారు. నేను బల్ల దగ్గరికి వెళ్ళి జగ్గు ఎత్తి డ్రెయిన్‌లో పోసేశాను. తర్వాత జరిగిన గొడవ గురించి ఇక్కడ రాయను. ఆ గొడవలో ఎవరిది పైచేయో కాలనీలో ఎవరినడిగినా చెబుతారు. ఆయన మాత్రం టెంటు గుంజ పట్టుకుని, తాగిన వాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ నిలబడ్డారు.

ఆయన అసలు భయం గోడ చివర గురించి. కందకం ఇంకొంచెం సాగాల్సింది. చివరింటి పక్కన పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే తోట ఉంది, దాని యజమాని తవ్వనివ్వలేదు. గోడ అక్కడ ఆగిపోయింది. అందుకని చివరింటి ముందు, వీధి స్థలంలో, మణికట్టంత లావు గొట్టం నేలలో నీళ్ళదాకా దింపి ఇనుప మూత పెట్టారు. అలాంటివి వీధి పొడవునా ఉన్నాయి, కానీ ఆయన చివరి గొట్టం అంటూ మాట్లాడేది దీని గురించే. ఏ నీళ్ళయినా గోడను తప్పించుకుని వస్తే మొదట తెలిసేది అక్కడే. ఆ ఇంట్లో పెద్ద మోటారు పెట్టవద్దనీ, గట్టిగా లాగితే గోడ చివర నుంచి నీళ్ళు చుట్టు తిరిగి వస్తాయనీ ప్రధాన్‌జీకి బొమ్మ గీసి మరీ చెప్పారు. ప్రధాన్‌జీ ఆ బొమ్మ మీద టీ కప్పు పెట్టుకున్నాడు.

నీళ్ళు ఎలా తీయాలో నాకు నేర్పించారు. అడుగున చిన్న కవాటం ఉన్న సన్నటి గొట్టాన్ని తాడుతో దింపి, నింపి, పైకి లాగడం. మొదట వచ్చినవి కప్పులో పోయబోతే చెయ్యి పట్టుకున్నంత పని చేశారు.

"పారబోయండి. అవి గొట్టంలో నిలవున్నయ్యమ్మా. నేలలో నీళ్ళు రావాలంటే ముందు వీటిని తోడి పోయాల. విసుగు పుట్టిందాకా తోడండి. విసుగు పుట్టాక ఇంకాస్త తోడండి."

నీళ్ళు తీసే సన్నగొట్టం ఒకటి మా మేడ మీద మేకుకు తగిలించి, ఉండనివ్వండి అని, ఢిల్లీ ఆర్.కె. పురంలో భార్య క్వార్టర్స్‌కి వెళ్ళిపోయారు.

తర్వాత రెండు వానాకాలాలు గడిచాయి. నీళ్ళలో పసుపు పోయింది. గోడ కట్టిన కంపెనీ వాళ్ళు కొన్నిసార్లు వచ్చి నీళ్ళు పట్టుకెళ్ళి, తర్వాత రావడం మానేశారు. ఒక్కో ఇంట్లో మూసిన బోరు తెరుచుకుని మోటారు మోగడం మొదలైంది. చివరింట్లో పెద్దదే పెట్టారు. రెండు కార్లు కడగడం, పచ్చిక తడపడం దానితోనే. మనవడు పుట్టాక ప్రధాన్‌జీ భార్య, మేం భాభీజీ అంటాం, ట్యాంకర్ నీళ్ళు మురికివని బోరు నీళ్ళతోనే వాడికి పాలపొడి కలపడం మొదలుపెట్టింది. వద్దని నేనెన్నిసార్లు చెప్పానో. "దీదీ, కళ్ళుండీ చూడవు. సాఫ్ పానీ," అని గాజుసీసా నా ముఖం ముందు ఆడించింది.

పోయిన చలికాలం ఆయన ఊరికే చూసిపోదామని వచ్చారు. చివరింటి ముందుకు వెళ్ళేసరికి గొట్టం లేదు. కారు ఎక్కడానికి వీధిలోకి కొత్త ర్యాంపు పోసి, ఎర్ర పలకలు పరిపించారు. ఆయన జేబులోంచి అయస్కాంతం తీసి, దారంతో వేలాడదీసి, పలకల మీద వంగి వంగి నడిచారు. ఒకచోట దారం సన్నగా ఒరిగింది. అక్కడ సుద్దముక్కతో గుండ్రంగా గీత గీశారు.

భాభీజీ మనవణ్ణి చంకనేసుకుని బయటికి వచ్చింది. వాడి చేతిలో పాలసీసా ఉంది. ఆయన ఆ సీసా వైపు చూశారు. చూపు తిప్పుకోలేకపోయారు.

"బెహన్‌జీ, ఒక్క పలక తీయించండి. నేను మళ్ళీ పెట్టిస్తాను."

"భాయ్‌సాబ్, ఇప్పుడే వేయించాం. హోలీ అయ్యాక చూద్దాం."

నేను అందుకుని నాలుగు మాటలన్నాను. ఆయన నా కొంగు పట్టుకుని లాగినంత పని చేసి, "గొడవ వద్దు చెల్లెమ్మా, తలుపు మూసుకుంటారు," అన్నారు. మా ఇంటికి వచ్చారు. కప్పులో నీళ్ళిచ్చాను. చాలాసేపు చూసి, తాగకుండానే పక్కన పెట్టారు. అవి క్యాను నీళ్ళే. ఆయన మా ఇంట్లో నీళ్ళు తాగకపోవడం అదే మొదటిసారి. మెట్రో దాకా ఆటో ఎక్కించాను. అదే కడసారి చూపు.

సుద్దగీతను పనిమనిషి మర్నాడే కడిగేసింది. ఎక్కడో నాకు గుర్తుంది. గేటు గుంజకు ఎదురుగా, మూడో వరస.

ఫోన్ వచ్చిన మర్నాడు పొద్దున మేస్త్రీని వెంటబెట్టుకుని, మేకుకున్న సన్నగొట్టం, తెల్ల కప్పు పట్టుకుని వెళ్ళాను. ప్రధాన్‌జీ పేపరు చదువుతున్నాడు.

"ర్యాంపు వీధి స్థలంలో ఉంది ప్రధాన్‌జీ. ఒక్క పలక మీరు తీయనిస్తారా, మునిసిపాలిటీని పిలవనా? వాళ్ళొస్తే ఒక్క పలకతో ఆగరు."

"ఆ పిరికి ఇంజనీరు మళ్ళీ పంపాడా?"

"ఆయన చనిపోయారు."

ప్రధాన్‌జీ పేపరు మడిచాడు. చేత్తో తీసుకో అన్నట్టు సైగ చేశాడు.

పలక పగిలింది. కింద సిమెంటు, దాని కింద ఇనుప మూత, ఆయన అయస్కాంతం చెప్పిన చోటనే. భాభీజీ గడప మీద నిలబడింది, మనవడు ఆమె దుపట్టా నోట్లో పెట్టుకుని నములుతున్నాడు. లోపల మోటారు మోగుతోంది. పైన ట్యాంకులోకి నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

తాడు దింపాను. మొదటిసారి వచ్చినవి కప్పులో పోసి చూశాను. తెల్లగా ఉన్నాయి. కప్పు అడుగున గీత కూడా కనబడుతోంది.

"దేఖో," అన్నాడు ప్రధాన్‌జీ. అతని గొంతులోనూ ఊపిరి వదిలిన చప్పుడు వినబడింది. "సాఫ్ హై. ఇక పలక పెట్టించండి దీదీ."

పారబోశాను. మళ్ళీ దింపాను. పారబోశాను. మేస్త్రీ బీడీ వెలిగించాడు. భుజాలు పీకాయి. "ఏం చేస్తున్నారు, పిచ్చా?" అంటున్నాడు ప్రధాన్‌జీ. విసుగు పుట్టింది. విసుగు పుట్టాక ఇంకాస్త తోడాను. నాలోపల నేను ఒకటే కోరుకుంటున్నాను, ఆయనది ఉత్త పిరికితనం కావాలని, ఈ వీధంతా నన్ను చూసి నవ్వాలని, ఏడాదంతా నవ్వాలని.

ఎన్నోసారో పైకి లాగి కప్పులో పోశాను. ఎండ వైపు తిరిగి వంచాను. ఒక కన్ను సగం మూశాను.

గుటక మింగాను. కప్పు భాభీజీకి అందించాను.

ఆమె కప్పులోకి చూసింది. దుపట్టా అంచు తెల్లగా ఉన్నచోట దాని పక్కన పెట్టి మళ్ళీ చూసింది. ప్రధాన్‌జీ, "ఎండ రంగు అది, ఎండ," అంటూ ముందుకొచ్చాడు. ఆమె అతనికి కప్పు ఇవ్వలేదు. గోడ పక్కన ఎండ పడని చోటికి వెళ్ళి అక్కడ కూడా చూసింది.

తర్వాత కప్పు మెల్లగా గట్టు మీద పెట్టి, పిల్లవాణ్ణి రెండు చేతులతో ఎత్తుకుని లోపలికి వెళ్ళింది. మేం ముగ్గురం వీధిలో నిలబడి ఉన్నాం. లోపల మోటారు ఆగిపోయింది. పైన ట్యాంకులో నీళ్ళ చప్పుడు ఇంకా కాసేపు వినిపించి, ఆగిపోయింది.